తుఫాను పుస్తకం

జనవరి 7
మైనస్ 11. దక్షిణపు గాలి, మామూలు.

ముప్పై నాలుగేళ్లుగా ఈ డైరీల్లో చలి, గాలి తప్ప మరేమీ రాయలేదు. జాగ్రఫీ మాస్టారి అలవాటు. సెప్టెంబర్ 19న కూడా అంతే రాసి ఉంది: ప్లస్ 6, ఉత్తరపు గాలి, సాయంత్రం జల్లు. నా భార్య గున్వోర్ పోయిన రోజు అది. ఆ పేజీలో మిగతా అంతా ఖాళీ.

ఇకనుంచి ఇంకొంచెం రాయాలి.

ఇవాళ యార్లే వచ్చాడు. ఉత్తర కొసనున్న మా ఊళ్లో ఏటా జరిగే కాన్ఫరెన్స్ నడిపే గున్వోర్ ఉద్యోగం ఇప్పుడు అతనిదే. రాజధాని ఓస్లో మనిషి. నవంబర్‌లో దిగాడు, ముప్పై ఆరేళ్లుంటాయేమో. గుమ్మంలో బూట్లు విప్పి, ఉన్ని మేజోళ్లతో కుర్చీ అంచున కూర్చున్నాడు. గున్వోర్ గారి కాగితాలేమైనా ఇంట్లో ఉండిపోయాయా అండీ అని అడిగాడు. ఫిబ్రవరి 5 నుంచి రెండు రోజులు కాన్ఫరెన్స్. ఇరవై మూడోది. ఆమె లేకుండా మొదటిది. చూస్తానన్నాను. ఆమె ఆఫీసు సంచి ఇంకా నడవలో కొక్కేనికే వేలాడుతోంది. యార్లే తన కోటు దాని పక్క కొక్కేనికే తగిలించాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. ఈసారి కాన్ఫరెన్స్ రెండో రోజు సాయంత్రమే బోర్డు ఓటు వేస్తుందట. వచ్చే ఏడాది నుంచి పశ్చిమాన ఉన్న పెద్ద ఊరికి మార్చాలని. అక్కడ పెద్ద హోటలుంది, పెద్ద రన్‌వే ఉంది. ఇరవై రెండేళ్లలో పదమూడుసార్లు ముఖ్య అతిథే రాలేదు కదండీ, అక్కడైతే విమానం దిగుతుంది అన్నాడు. లెక్క తప్పు కాదు.

చెడ్డవాడు కాదు. వెళ్లేముందు కాఫీ కప్పు తనే కడిగి బోర్లించాడు.

జనవరి 8
మైనస్ 12. సంచి తియ్యలేదు.

జనవరి 12
మైనస్ 7, మంచు.

మారెత్ వచ్చింది, కాడ్ చేప పట్టుకుని. కాలేయం, గుడ్లసంచి విడిగా కట్టి తెచ్చింది. ఇరవై రెండేళ్లు గున్వోర్ ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న మనిషి. ఇక్కడి ఆదివాసులు సామీల ఇంటి పిల్ల, అన్నదమ్ములకు రెయిన్‌డీర్ మందలున్నాయి. నోరు మాత్రం ఆమె సొంతం. నా వంటిల్లు చూసి, ఇదేంటయ్యా హాల్వార్, ఇల్లా మ్యూజియమా, ఒక్క గిన్నెకైనా మసి లేదు అంది. చేప తనే ఉడికించింది. ఇద్దరం తిన్నాం. మూడో పళ్లెం పెట్టబోయి మానేసింది.

యార్లే అడిగింది గున్వోర్ నోటుపుస్తకం కోసమే అని చెప్పింది. దానికి తుఫాను పుస్తకం అని పేరుందని అతనికి తెలియదట, జాబితాలు అంటాడట.

ఆ పుస్తకం ఎలా పుట్టిందో నాకు తెలుసు. మొదటి కాన్ఫరెన్స్. సినిమా హాల్లో అరవై మంది. చేపల శాఖ మంత్రి రావాలి. ఒకవేళ ఆయన రాకపోతే మాట్లాడటానికి గున్వోర్ ఒక ప్రొఫెసర్ని సిద్ధంగా పెట్టుకుంది. చాలా ముందుచూపు అని మురిసిపోయింది. ఆ ప్రొఫెసరు మంత్రిగారి పక్క సీట్లోనే కూర్చుని వస్తున్నాడు. ముప్పై తొమ్మిది సీట్ల విమానం మా ఊరి మీద రెండు చుట్లు తిరిగి, మంచులో ఏమీ కనబడక వెనక్కి పోయింది. ఆ చప్పుడు హాల్లో అందరం విన్నాం.

గున్వోర్ వేదిక మీద ఒంటరిగా నిలబడింది. మెడ ఎర్రబడింది. చివరికి, ఇక్కడున్న వాళ్లలో ఎవరికైనా చెప్పుకోవాల్సిందేమైనా ఉందా అని అడిగింది. వెనక వరసలో మంత్రసాని హెర్దిస్ లేచింది. పురుళ్ల వార్డు మూసేశాక, దూరపు ఆసుపత్రికి దారి చేస్తూ పోయే మంచు తోసే బండి వెనకాల, కారు వెనక సీట్లో తను పోసిన మూడు పురుళ్ల సంగతి చెప్పింది. పదకొండు నిమిషాలు మాట్లాడింది. మర్నాడు ఓస్లో పేపర్లలో వచ్చింది అదే. మంత్రిగారి ప్రసంగం ఏమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఆ వారమే గళ్ల నోటుపుస్తకం ఒకటి కొంది. ఎడమవైపు బయటి నుంచి రావలసినవాళ్లు. కుడివైపు, ప్రతి పేరుకీ ఎదురుగా, ఊళ్లోనే ఉండే బదులు మనిషి. పది నిమిషాల మాట జేబులో పెట్టుకుని ఉండాలి. పిలవొచ్చు, పిలవకపోవచ్చు. మొదటి పేజీలో మొదటి నియమం: ఇద్దరినీ ఒకే విమానం ఎక్కించకు.

రెండో నియమం నాకిష్టం. బదులు మనిషి తుఫానుకి ఇంట్లో చిక్కుకునేవాడై ఉండాలి. విమానం దిగని రోజున పడవ కదలదు. అందుకే ఆమె జాబితాలో సగం మంది జాలర్లు.

జనవరి 13
మైనస్ 9. సంచి తీశాను. మళ్లీ తగిలించాను.

జనవరి 19
మైనస్ 15, గాలి లేదు.

తీశాను. ఒక ఉన్ని గ్లోవు, ఎడమ చేతిది. గొంతు బిళ్లలు సగం పెట్టె. పెన్సిల్ ముక్కలు. పుస్తకం, దానికి ప్లాస్టిక్ అట్ట.

మధ్యాహ్నం కిటికీలో కాస్త నీలి వెలుగు ఉన్నంతసేపూ చదివాను. దీపం వెయ్యలేదు.

ప్రతి ఏడాదికీ ఒక పేజీ. పక్కన చిన్న అక్షరాల్లో జరిగినదేమిటో. ఇంధన మంత్రి, బదులు ప్లంబరు: రాలేదు, ప్లంబరు మాట్లాడాడు, చాలా బాగుంది. బ్యాంకు చైర్మన్, బదులు ఏడో క్లాసు టీచరమ్మ: వచ్చాడు, రాకపోయినా బాగుండేది. గని కంపెనీ మనిషి, బదులు మారెత్ పెద్దన్న: ఇద్దరూ మాట్లాడారు, తర్వాత ఇద్దరూ నాలుగు గంటలు వంటగదిలో దెబ్బలాడుకున్నారు, మంచిది.

తూర్పున సరిహద్దు అవతలి దేశం నుంచి వచ్చేవాళ్ల పేర్లు ఏడాదికేడాది పెరుగుతూ వచ్చి, ఒకచోట ఆగిపోయాయి. సరిహద్దు మూసిన ఏడాది. రెండు భాషలకీ అనువాదం చెప్పేవాళ్లు కూర్చునే గాజుగది ఇంకా హాల్లో ఉంది. ఇప్పుడందులో కోట్లు వేలాడతాయి. ఆ ఏడాది పేజీలో ఒక్క మాటే: నిశ్శబ్దం, బదులు ఎవరూ లేరు.

ఇరవై మూడో పేజీ కూడా ఉంది. పెన్సిల్‌తో. ఆగస్టులో ఆసుపత్రి మంచం మీద మొదలుపెట్టి ఉంటుంది, అక్షరాలు కిందికి జారాయి. వాణిజ్య మంత్రి, బదులు జాలరి తూర్ఫిన్. తర్వాతి పేర్లకు ఎదురుగా ఏమీ లేదు.

జనవరి 20
మైనస్ 14.

ఇవాళ మళ్లీ మొదటి నుంచి చూశాను. ఎందుకో రాయాలి. నా పేరు కోసం.

ఊళ్లో అందరూ ఉన్నారు. పాస్టరు, పళ్ల డాక్టరు, మంచు తోసే బండి డ్రైవరు, పీతల ఫ్యాక్టరీలో మెషీన్ నడిపే అమ్మాయి. నలభై ఏళ్లు తీరాలు, ప్రవాహాలు, ఓడరేవులు పాఠం చెప్పినవాణ్ని. ఒక్క ఏడాదీ, ఒక్క మంత్రికీ ఎదురుగా నేను లేను.

నా పని వేరేగా ఉండేది. ఆమె ఒక కాలితో నేలను తన్ని నడిపే తన్నుబండి మీద మంచులో జారుకుంటూ ముందు వెళ్లిపోయేది, కాళ్లకు పట్టు కోసం ముళ్ల బూట్లు. నేను వెనకాల సంచిలో ఆమె నల్ల తోలు బూట్లు తీసుకెళ్లేవాణ్ని. హాలు గుమ్మంలో నా భుజం పట్టుకుని మార్చుకునేది. రెండు రోజుల తర్వాత గొంతు పోయి ఇంటికొచ్చి, వంటింట్లో నిలబడే చల్లటి చేప తిని, పధ్నాలుగు గంటలు నిద్రపోయేది. ఆ పధ్నాలుగు గంటలూ నేను బూటు చప్పుడు కాకుండా తిరిగేవాణ్ని. నా ఫిబ్రవరి అంటే అదే.

ఫరవాలేదు.

జనవరి 23
దాదాపు రెండు నెలల చీకటి తర్వాత సూర్యుడు. కొండ మీద నాలుగు నిమిషాలు. ఆమె ఉంటే కిటికీ దగ్గరకు పిలిచేది. పిలవకపోయినా వెళ్లి నిలబడ్డాను.

జనవరి 27
మైనస్ 6.

పుస్తకం ఆఫీసులో ఇచ్చాను. యార్లే రెండు చేతులతో తీసుకున్నాడు, అప్పుడే బల్ల మీద పెట్టాడు. చాలా థాంక్సండీ, కానీ ఈసారి అన్నీ కుదిరిపోయాయి అన్నాడు. మంత్రిగారికి బదులుగా జిల్లా అధ్యక్షురాలిని ఒప్పించాడు. ఆవిడ ఆ వారం ఓస్లోలోనే ఉంటుంది. అందుకని అతనే వెళ్లి మంత్రిగారినీ ఆవిడనీ వెంటబెట్టుకుని 5వ తేదీ పొద్దున విమానంలో తీసుకొస్తాడట. దిగగానే స్వాగతం తనే చెబుతాడు. అన్నీ ఒకే చోట, ఈజీ.

మారెత్ టైపు చేస్తున్నది ఆపి, ముగ్గురూ ఒకే విమానమా నాయనా అంది. పదిరోజుల వాతావరణ సూచన చూశాను, ఆకాశం క్లియర్ అన్నాడు. మారెత్ పైకప్పు వంక చూసింది. పదిరోజులట! ఇక్కడ పది నిమిషాలకి సరిగ్గా చెప్పినవాడికి మా అన్న మందలో సగం రాసిస్తాను అంది. యార్లే నవ్వాడు. జోక్ అనుకున్నాడు.

నేను అప్పుడు నోరు తెరవాల్సింది. పుస్తకం మొదటి పేజీ తీసి వేలుపెట్టి చూపించాల్సింది. నలభై ఏళ్లు పిల్లలకి అదే పని చేశాను. ఇది నా విషయం కాదు, జాబితాలో నేనెప్పుడూ లేను అనుకున్నాను. టోపీ పెట్టుకుని వచ్చేశాను.

గున్వోర్ చూసి ఉంటే భోజనం దగ్గర ఏమీ అనేది కాదు. ఆ అనకపోవడమే చాలు నాకు.

ఫిబ్రవరి 2
మైనస్ 3. తూర్ఫిన్ కోపరేటివ్ కొట్టు దగ్గర కనిపించాడు. నా శిష్యుడే, మ్యాపులో ఎప్పుడూ పశ్చిమాన్ని తూర్పున పెట్టేవాడు. అయినా నలభై ఏళ్లుగా సముద్రంలో దారి తప్పలేదు. మాస్టారూ, నన్నీసారి పిలవలేదేంటి అన్నాడు. పదేళ్ల నుంచి ఆ ప్రసంగం కోటు జేబులోనే ఉందట. కోటు రెండుసార్లు మారింది, కాగితం మారలేదట. కాన్ఫరెన్స్ పోతుందట కదా, పోతే ఈ కాగితం ఎక్కడ చదవను, చేపలకా అన్నాడు.

బారోమీటరు పొద్దుటి నుంచి దిగుతోంది.

ఫిబ్రవరి 4
ప్లస్ 1. వాయవ్యపు గాలి, పెరుగుతోంది. నూట ఎనభై మంది వచ్చేశారు. కొంతమంది నిన్నటి విమానంలో, మిగతావాళ్లు మంచు తోసే బండి వెనకాల కార్ల వరసలో. యార్లే ఓస్లోలో ఉన్నాడు.

ఫిబ్రవరి 5, ఉదయం 6:30
మైనస్ 2. వాయవ్యం, సెకనుకి ఇరవై నాలుగు మీటర్లు. ఎదురింటి దీపం కనబడటం లేదు. రేవులో పడవలన్నీ కట్టేసి ఉంటాయి.

బూట్లకు ముళ్ల పట్టీలు వేసుకున్నాను. హాలుకి వెళ్తాను. వెనక వరసలో కూర్చుంటాను.

ఫిబ్రవరి 5, మధ్యాహ్నం 3
ఇప్పుడే ఇంటికొచ్చాను, కోటు ఇంకా విప్పలేదు. ముందు ఇది రాస్తాను.

హాలు గుమ్మంలో మంచు దులుపుకుంటుంటే చూసుకున్నాను, నా చేతిలో సంచి. అందులో నల్ల బూట్లు. ఎప్పుడు తీశానో తెలియదు. వెనక్కి వెళ్లే టైము లేదు. చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లాను.

ఎనిమిదీ యాభైకి మారెత్ ఫోన్ పట్టుకుని ఎదురొచ్చింది. విమానం మన మీదికి కూడా రాలేదు, సగంలోనే తిప్పేశారు అంది. మంత్రీ అందులోనే, అధ్యక్షురాలూ అందులోనే, మన యువరాజు యార్లే కూడా అందులోనే. మొదటి నియమం చదవనివాడికి మొదటి పాఠం అంది. మంత్రి సంగతి నేను చూసుకుంటాను, తూర్ఫిన్ కోటు విప్పకుండా మూడో వరసలో కూర్చునున్నాడు, పిల్లిలా ఎదురుచూస్తున్నాడు అంది. మరి స్వాగతమో అని అడిగాను. నువ్వున్నావుగా అంది.

నేను జాబితాలో లేను అన్నాను. అంత తొందరగా ఆ మాట నా నోట్లోంచి వస్తుందని నాకే తెలియదు.

ఏ పుస్తకం చదివావయ్యా నువ్వు అంది మారెత్. బల్ల కింద నుంచి తుఫాను పుస్తకం తీసి, వెనక నుంచి తెరిచింది. చివరి అట్ట లోపలివైపు, ప్లాస్టిక్ మడత కింద. అటు నేను పోనేలేదు. నేను ఏడాది పేజీలే తిప్పాను.

అక్కడ, మొదటి ఏడాది నీలి సిరాతో, మారనివి అని రాసి గీత గీసింది. గీత కింద:

స్వాగతం: గున్వోర్. బదులు: హాల్వార్.
తలుపు: మారెత్. బదులు: ఎవరైనా, కానీ నవ్వాలి.
కాఫీ: ముందు రోజు సాయంత్రమే గింజలు చూసుకో.

మారనివి కాబట్టి ఒక్కసారే రాసుకుంది. ఇరవై రెండేళ్లు జబ్బు పడలేదు, గొంతు పోయినా నిలబడింది. నా వంతు రాలేదు.

గున్వోర్ నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. నేనూ ఆమెను అదే అడిగాను, చెబితే ఆ మనిషి ప్రతి జనవరీ నిద్రపోడు, ముప్పై పేజీలు రాస్తాడు, వేళకి వచ్చి నిలబడితే చాలు అంది అని చెప్పింది మారెత్. చెప్పి ముక్కు తుడుచుకుంది. చలి అంది. హాల్లో ఇరవై రెండు డిగ్రీలుంది.

తొమ్మిదికి వేదిక ఎక్కాను. సంచి మొదటి వరస కుర్చీలో పెట్టాను.

బదులు మనిషి మాట్లాడేటప్పుడు ఇక్కడొక పద్ధతి ఉంది. ముందు, ఎవరు రాలేదో చెప్పాలి. తర్వాత, వారికి బదులు నేను అనాలి. ఆ మాటకి ఊరివాళ్లందరూ బూటుకాళ్లతో నేల మీద కొడతారు. వచ్చినవాడికి అది గౌరవం. దక్షిణాది అతిథులు మొదటిసారి విన్నప్పుడు బెదిరిపోతారు.

నేను అన్నది ఇంతే. గున్వోర్ రాలేకపోయింది. ఆమెకు బదులు నేను. అందరికీ స్వాగతం.

రెండో వాక్యం తర్వాత చప్పుడు లేదు. బయట గాలి మాత్రం వినిపించింది. బల్ల అంచు పట్టుకున్నాను. తలుపు దగ్గర నుంచి ఒక బూటు చప్పుడు. మారెత్. తర్వాత తూర్ఫిన్. తర్వాత ఎవరెవరో, వరస వరసా. గాజుగదిలో కోట్లు తీసుకుంటున్నవాళ్లు కూడా. ఎంతసేపో తెలియదు, గడియారం చూడలేదు. ఎప్పుడూ చూస్తాను.

తూర్ఫిన్ పది నిమిషాలన్నది ఇరవై ఆరు నిమిషాలు మాట్లాడాడు. రేవుల మీద. పశ్చిమం, తూర్పు ఒకసారి మళ్లీ మార్చేశాడు. ఎవరూ సరిదిద్దలేదు. నేను కూడా.

ఫిబ్రవరి 6
మైనస్ 5, గాలి తగ్గింది.

యార్లే మధ్యాహ్నానికి చేరాడు, తెల్లవారుజామున విమానంలో పక్క ఊరిదాకా వచ్చి, అక్కడి నుంచి మంచు తోసే బండి వెనకాల వచ్చిన ఎవరి కారులోనో. ముఖం పాలిపోయింది. నా దగ్గరకే ముందు వచ్చాడు. పెద్ద ఊళ్లో దిగుదామని ప్రయత్నించారట. అక్కడా అదే తుఫాను, ఆ పెద్ద రన్‌వే కూడా మూసేశారు. రాత్రంతా ఓస్లోలో. మంత్రి ఇంటికి వెళ్లిపోయాడు.

తప్పు నాదే హాల్వార్ గారూ, పుస్తకం చేతిలో ఉండి చదవలేదు అన్నాడు. నేను చేతిలో ఉండి చదివి కూడా నోరు మెదపలేదు, సగం నాది అన్నాను. మారెత్ అటుగా పోతూ, గున్వోరూ మొదటి ఏడాది అచ్చం ఇదే చేసిందిలే నాయనా, నీకు ఇరవై రెండేళ్లు ఖాయం అంది. అప్పుడు నవ్వాడు. ఈసారి నిజంగానే జోక్.

సాయంత్రం బోర్డు కూర్చుంది. గెలిచామని రాయలేను. పెద్ద ఊళ్లో విమానం దిగుతుంది అన్న ఒక్క మాట మీదే ప్రతిపాదన అంతా నిలబడింది, ఆ మాట నిన్న కూలిపోయింది. ఇంకో ఏడాది ఇక్కడే. వచ్చే ఏడాది మళ్లీ ఓటు. ఇవాళ్టి లెక్క నాలుగుకి మూడు.

యార్లే ఆ పుస్తకం అడిగి తీసుకెళ్లాడు. రెండు రోజుల్లో తెచ్చిస్తానన్నాడు. కాపీ చేసుకోవయ్యా అన్నాను. వద్దండీ, చేత్తో రాసుకుంటాను అన్నాడు.

ఫిబ్రవరి 7
మైనస్ 8. పధ్నాలుగు గంటలు పడుకున్నాను. లేచాక నిలబడే చల్లటి చేప తిన్నాను.

ఫిబ్రవరి 9
మైనస్ 10. గాలి లేదు. యార్లే పుస్తకం తెచ్చిచ్చాడు. వెనక అట్ట తెరిచి, ఆమె రాసినదేదీ కొట్టివేయకుండా, కింద మిగిలిన చోట పెన్సిల్‌తో రాశాను.

స్వాగతం: హాల్వార్. బదులు: గున్వోర్.